ముప్పై నాలుగు తోకలు

మార్చి ఆరో తారీఖు సాయంత్రం నాలుగూ ఇరవైకి, తైపేకి దగ్గర్లోని కీలుంగ్ రేవు వెనక వీధిలో ఒక భవనం మూడో అంతస్తులో, డైరెక్టర్ జ్యాన్ రోయీ తన ఎడిటర్‌ను మొదటిసారి చూసింది. అతను ఆమెను చూడటం కూడా అదే మొదలు. కానీ ఆమె గొంతు అతనికి ఏడు వారాలుగా తెలుసు.

జనవరిలో ప్రొడ్యూసర్ ఫాంగ్ అక్క అతనికి ఆరు హార్డ్‌డిస్కులు పంపింది. వాటిలో రెండు వందల పన్నెండు గంటల ఫుటేజి ఉంది. గోంగ్‌ల్యావ్ తీరంలోని ఒక పల్లెలో రోయీ ఐదేళ్లపాటు ఒక్కతే తీసిన డాక్యుమెంటరీ అది. సముద్రంలో మునిగి నాచు కోసే హోంగ్ అమా గురించి. అమా అంటే నాయనమ్మ. ఊరంతా ఆమెను అలాగే పిలుస్తారు. వయసు డెబ్భై ఎనిమిది. వేసవిలో రోజూ నీళ్లలోకి దిగుతుంది. కోసిన నాచును ఏడుసార్లు కడుగుతుంది, ఏడుసార్లు ఎండబెడుతుంది.

ఎడిటర్ పేరు కో తింగ్‌హాన్. వయసు ముప్పై మూడు. ఫుటేజి మొదటి నుంచి చివరి దాకా చూడనిదే అతను కోతకు కూర్చోడు. ఆ ఏడు వారాల్లో కీలుంగ్‌లో నలభై రోజులు వాన పడింది. హెడ్‌ఫోన్లలోనూ వానే. కొన్ని సాయంత్రాలు హెడ్‌ఫోన్లు తీసేశాక కూడా చప్పుడు ఆగేది కాదు. ఏది తెర మీది వానో, ఏది వీధిలోదో తేల్చుకోవడానికి అతను కిటికీ తెరిచి చెయ్యి చాపేవాడు.

కెమెరా వెనక మనిషి ఒక్క ఫ్రేములోనూ లేదు. అయినా ఆమె గురించి కొన్ని సంగతులు తెలిశాయి. ఫోకస్ తప్పితే కూనిరాగం తీస్తుంది. అమా తిడితే నవ్వు ఆపుకుంటుంది, అప్పుడు ఫ్రేము వణుకుతుంది. రెండేళ్ల కిందటి ఆగస్టు పద్నాలుగున రాతి మీద నుంచి జారి నీళ్లలో పడింది. మూడో శీతాకాలం నుంచి దగ్గుతోంది.

ఆ సాయంత్రం మెట్ల మీద ఎవరో దగ్గారు. రెండుసార్లు, మధ్యలో ఊపిరి తీసుకుని. తింగ్‌హాన్ లేచి తలుపు తీశాడు.

"నేనింకా తలుపు కొట్టలేదు," అంది రోయీ. ఆమె గొడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"దగ్గు వినిపించింది."

"దగ్గితే తలుపు తీసేస్తారా? పోస్ట్‌మన్ దగ్గితే?"

"పోస్ట్‌మన్ దగ్గు వేరు. మీరు మందు వాడటం లేదా? మూడేళ్లయిందిగా."

"ఎవరు చెప్పారు?"

"మీరే. నూట ముప్పయ్యో గంట నుంచీ చెప్తూనే ఉన్నారు."

రోయీ గొడుగు మడిచి గోడకు ఆనించింది. "ఎడిటర్‌ను చూడమంటే ఫాంగ్ అక్క డాక్టర్‌ను చూసినట్టుంది."

ఆమె కూర్చోకుండానే షరతు చెప్పింది. ఒకటే షరతు. సినిమాలో తన గొంతు వినిపించకూడదు. ఒక్క మాట కూడా.

"మరి అమా ఎవరితో మాట్లాడుతున్నట్టు?"

"సముద్రంతో."

"సముద్రాన్ని పట్టుకుని 'అన్నం తిన్నావా పిల్లా' అంటుందా?"

"అది మీ తలనొప్పి. మీ పని కోయడమేగా!"

"కోయడం ఎవరైనా కోస్తారు. ఎక్కడ కోయకూడదో కనిపెట్టడం నా పని."

"ఈ డైలాగు డైరెక్టర్లందరికీ చెప్తారా?"

"మీరు నాలుగో వారు."

రోయీ నవ్వింది. అతను ఇన్నాళ్లూ ఫ్రేము వణకడమే చూశాడు. అది వణికినప్పుడు మొహం ఎలా ఉంటుందో ఇప్పుడు చూశాడు. చూసి, తెర వైపు తిరిగి, అప్పటికే తెరిచి ఉన్న ఫైలు మళ్లీ తెరిచాడు.

షరతుకు కారణం ఉంది. ఆరేళ్ల కిందట రోయీ మొదటి సినిమా తీసింది, చేపల వేలంపాట మీద. ఒక పత్రిక దాని గురించి ఒకే వాక్యం రాసింది: 'ఇది జాలరుల సినిమా కాదు, డైరెక్టర్ డైరీ.' ఆ తర్వాత ఐదేళ్లు ఆమె పెళ్లి వీడియోలు తీసింది. సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి అమా దగ్గరికి వెళ్లింది. ఈ సినిమా అక్టోబరు ముప్పై ఒకటిలోగా తైపేలో జరిగే డాక్యుమెంటరీ ఉత్సవానికి చేరాలి. అంతకుముందు అమా చూడాలి. చూసి, ఇది నాదేనని అనాలి. అమాకు ఆమె ఇచ్చిన మాట అది.

రోయీ మంగళవారాలు, శుక్రవారాలు వచ్చేది. వచ్చేటప్పుడు కింద కొట్టు నుంచి రెండు గిన్నెల సూపు తెచ్చేది. ఏప్రిల్ అయ్యేసరికి 'గారు' పోయింది. జూన్‌లో ప్లమ్ పళ్లు పండే కాలపు ముసురు పట్టేసరికి 'మీరు' కూడా పోయింది.

ఆ ముసురు రోజుల్లో గదిలో దీపం వేసేవారు కాదు. తెర వెలుగే ఉండేది. తెర మీద అమా మునిగేది. ఆమె పైకొచ్చేదాకా గదిలో ఇద్దరూ మాట్లాడేవారు కాదు. కిటికీ అద్దం మీద నీళ్లు, తెర మీద నీళ్లు. ఒకసారి అమా నలభై సెకన్లు నీళ్ల కిందే ఉండిపోయింది. తెర మీదే అయినా ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. ఆమె తేలాక ఒకేసారి వదిలారు.

"ఒక్కసారి అక్కడికి రా. నేను తీసుకెళ్తాను," అంది రోయీ.

"రాను. ఎడిటర్ లొకేషన్ చూడకూడదు."

"ఎవడు పెట్టాడీ రూలు?"

"నాకు పని నేర్పినాయన. అక్కడ ఎంత చలేసిందో, ఎంత దూరం నడిచామో తెలిస్తే షాటు మీద మమకారం పుడుతుందట. తర్వాత కోయడానికి చెయ్యి రాదట."

"అంటే నీకు ఈ ఫుటేజి మీద మమకారం లేదా?"

"లేదు."

"రాయివిరా నువ్వు."

"తెర మీద ఎడమ పక్క రాయా, నువ్వు జారిపడ్డ రాయా?"

ఆమె సూపు చెంచాతో అతని మోచేతి మీద కొట్టింది.

అక్టోబరు పదిహేడు, మంగళవారం, మధ్యాహ్నం రెండింటికి సినిమా మొదటి కూర్పు, రఫ్ కట్, చూపించారు. ఫాంగ్ అక్క ఐదుగురు డాక్యుమెంటరీ వాళ్లను పిలిచింది. ఇలాంటి ప్రదర్శనలకు వాళ్లలో ఒక పద్ధతి ఉంది. సినిమా అయ్యాక వచ్చినవాళ్లు ఒక్కొక్కరే మాట్లాడతారు. ఆఖరివాళ్లు ముగించేదాకా డైరెక్టర్ గానీ ఎడిటర్ గానీ నోరు విప్పకూడదు. సమర్థించుకోకూడదు, తల కూడా ఊపకూడదు. ఫాంగ్ అక్క చెంచా పట్టుకుని టీ కప్పు పక్కన కూర్చుంటుంది. ఎవరైనా నోరు తెరిస్తే కప్పు మీద కొడుతుంది.

మొదటాయన మొదటి పది నిమిషాలూ నెమ్మదిగా ఉన్నాయన్నాడు. రెండో ఆమె అమా భర్త గురించి ఇంకొంచెం కావాలంది. మూడో ఆయన మధ్యలో నిద్రపోయాడు, మ్యూజిక్ బాగుందన్నాడు. సినిమాలో మ్యూజిక్ లేదు. రోయీ నోరు తెరిచింది. కప్పు మోగింది. నాలుగో ఆమె బాగుందంది, ఎందుకో చెప్పలేకపోయింది.

ఐదో మనిషి లాయ్ మాస్టారు. వయసు డెబ్భై ఒకటి. నలభై ఏళ్లుగా సినిమాలు తీస్తున్నారు. ఆయన చేతిలో కాగితం ఉంది. దాని మీద పెన్సిలుతో గీతలున్నాయి.

"ముప్పై నాలుగు," అన్నారు మాస్టారు.

ఎవరికీ అర్థం కాలేదు.

"షాటులో జరగాల్సింది జరిగిపోయాక, కెమెరా ఆపేలోపు కొన్ని సెకన్లు మిగులుతాయి. మనం తోక అంటాం. ఎవరైనా ముందు కోసేది దాన్నే. ఇక్కడ అమా ఫ్రేములోంచి వెళ్లిపోయింది, కోత పడాలి, పడలేదు. ముప్పై నాలుగు చోట్ల. మొదట బద్ధకం అనుకున్నాను. పన్నెండో దాని దగ్గర కళ్లు మూసుకుని విన్నాను. ప్రతి తోకలోనూ కెమెరా వెనక ఊపిరి ఉంది. ఒక చోట నవ్వు ఆపుకున్నారు. ఒక చోట దగ్గు మింగారు."

తింగ్‌హాన్ నేల చూస్తున్నాడు. రోయీ తింగ్‌హాన్‌ను చూస్తోంది.

"బద్ధకపు ఎడిటర్లను నేను చూశాను," అన్నారు మాస్టారు. "బద్ధకపువాళ్లు ఇంత కచ్చితంగా ఉంచరు. ఈ ఎడిటర్‌కి సినిమాలో ఇష్టమైన మనిషి అమా కాదు. అమాని తీస్తున్న మనిషి. అంతే, నాదైపోయింది."

ఫాంగ్ అక్క చెంచా కింద పెట్టింది. "ఇక మీరు మాట్లాడొచ్చు."



"నేనన్నదీ అదే," అన్నాడు నిద్రపోయిన ఆయన. "మ్యూజిక్ బాగుందని."

ఫాంగ్ అక్క తప్ప అందరూ వెళ్లేసరికి నాలుగున్నర అయింది. రోయీ తలుపు దగ్గర నిలబడింది.

"నీకు తెలుసా?"

"తెలీదు," అన్నాడు తింగ్‌హాన్. "తెలిసుంటే ముప్పై నాలుగు పెట్టేవాణ్ని కాదు."

"ఎన్ని పెట్టేవాడివి?"

"ఒకటి. మాస్టారికి దొరకని చోట."

ఆమె పెదవి కదిలింది. కానీ నవ్వలేదు. "ఐదేళ్లు పట్టింది నాకు, కనపడకుండా నిలబడటం నేర్చుకోవడానికి. ఐదేళ్లు! గొంతు వద్దన్నాను. గొంతు తీసేసి ఊపిరి పెట్టావు. నాకు ఇష్టమా అని అడిగావా?"

"అడగలేదు."

"సినిమా ఎవరిది?"

"అమాది."

"మరి?"

ఆమె ఫాంగ్ అక్క వైపు తిరిగింది. "అక్కా, వేరే ఎడిటర్‌ను చూడు."

"చూస్తానే, దానికేం. ఇంకా పద్నాలుగు రోజులున్నాయి. రెండు వందల పన్నెండు గంటలు చూడాలి. రోజుకి పదిహేను గంటల చొప్పున చూస్తే, చూడటం అయ్యేనాటికి గడువు కూడా అయిపోతుంది."

"అయితే నేనే కోస్తాను," అంది రోయీ. హార్డ్‌డిస్కు తీసుకుని మెట్లు దిగింది. గొడుగు తీసుకోలేదు. బయట వాన పడుతోంది.

రెండు రోజుల్లో ఆమె ముప్పై నాలుగు తోకలూ కోసింది. సినిమా మూడున్నర నిమిషాలు తగ్గింది. అక్టోబరు ఇరవై, శుక్రవారం ఉదయం, ల్యాప్‌టాప్‌లో రెండు కాపీలు పెట్టుకుని బస్సెక్కింది. ఒకటి తోకలు లేనిది, ఒకటి ఉన్నది.

అమా వంటింట్లో ఎండిన నాచులో గవ్వ ముక్కలు ఏరుతోంది. రోయీ ముందు తోకలు లేని కాపీ చూపించింది. ఏం తేడా ఉందో చెప్పలేదు.

"బాగుంది," అంది అమా, ఏరుతూనే. "ఎవరో ముసల్ది. పనిమంతురాలే."

"ఎవరో ఏంటి అమా, నువ్వే కదా!"

"నేనేలే. టీవీలో అయితే అలాగే ఉంటానేమో."

భోజనాలయ్యాక రోయీ రెండోది పెట్టింది. ఇరవయ్యో నిమిషంలో అమా చేతులు ఆగాయి. నాచు ఒళ్లోనే ఉండిపోయింది. సినిమా అయ్యేదాకా మళ్లీ ఏరలేదు.

"ఇది నేను," అంది.

"రెండూ ఒకటే కదా."

"ఒకటెలా అవుతాయే? దీంట్లో నువ్వున్నావు. వినపడుతూనే ఉన్నావు. యాభై ఏళ్లుగా నీళ్లలోంచి తేలి ఒడ్డుకేసి చూస్తున్నాను. రాళ్లుంటాయి. మనిషుండదు. ఈ ఐదేళ్లూ నువ్వున్నావు. పొద్దున చూపించిన దాంట్లో ఒడ్డున ఎవరూ లేరు. అదేంటే, అబద్ధం కాదూ?"

"ఇది నీ సినిమా అమా. నా సినిమా అయిపోతుందని..."

"నీ మొహం ఎక్కడుంది దీంట్లో? ఊపిరేగా. ఊపిరికి ఎంత చోటు కావాలి?" అమా మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. "అయితే కొన్ని చోట్ల మరీ శ్రుతి మించింది. ఆ నాచు చాప మీద అంతసేపా! కరెంటు పోయిందనుకున్నాను. ఎవడు కోసింది?"

"తింగ్‌హాన్ అని, కీలుంగ్‌లో ఉంటాడు."

"పెళ్లయిందా?"

"అమా!"

"అడిగితే అరుస్తావేంటే? నీళ్లలో నా ఊపిరి నేను లెక్కపెట్టుకుంటాను, బతకాలి కాబట్టి. పక్కవాళ్ల ఊపిరి లెక్కపెట్టేవాడు ఊరికే లెక్కపెట్టడు."

మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకు రోయీ మూడో అంతస్తు తలుపు కొట్టింది. తింగ్‌హాన్ తలుపు తీశాడు. గడ్డం గీసుకోలేదు.

"దగ్గలేదేం?" అన్నాడు.

"మందు వాడుతున్నాను. జరుగు."

ఆమె హార్డ్‌డిస్కు బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "ముప్పై నాలుగూ వరసగా చూపించు. ఒక్కోదానికీ నిజం చెప్పాలి. సినిమా కోసమా, నా కోసమా. అబద్ధమాడావో, కింద సూపు కొట్టాయన్ని తెచ్చి ఎడిటింగ్‌కి కూర్చోబెడతాను."

"ఆయన బాగా కోస్తాడు. పంది మాంసం."

"మొదటిది వెయ్యి."

మొదటిదాంట్లో అమా రాళ్లెక్కి వెళ్లిపోయింది. రాళ్లున్నాయి. అలల మీద ఊపిరి ఉంది.

"సినిమా కోసం," అన్నాడు తింగ్‌హాన్. "ఆవిడ వెనక ఎవరో చూస్తున్నారని ప్రేక్షకుడికి ఇక్కడే తెలియాలి."

"ఉంచు. రెండోది?"

"నీ కోసం."

"తీసెయ్."

"మూడు, నాలుగు, ఐదు కూడా నీ కోసమే."

"సిగ్గు లేదూ? తీసెయ్. ఈ చాప?"

తింగ్‌హాన్ చాప మీది షాటును చూశాడు. ఎనిమిది సెకన్లు. ఎనిమిది సెకన్లూ ఫ్రేము వణుకుతోంది. "ఇక్కడ నువ్వు నవ్వు ఆపుకుంటున్నావు. ఈ ఒక్క షాటే నేను పాతికసార్లు చూశాను."

"అమా కరెంటు పోయిందనుకుంది."

"తీసేస్తున్నాను."

"తీసెయ్," అంది రోయీ. కొంచెం ఆగి, "కాపీ ఒకటి నీ దగ్గర ఉంచుకో," అంది.

మధ్యాహ్నం ఒంటిగంటకు ముప్పై మూడు అయ్యాయి. పది ఉన్నాయి, ఇరవై మూడు పోయాయి. మిగిలింది సినిమాలో ఆఖరి షాటు. అమా నీళ్లలోకి దిగుతుంది, మునుగుతుంది. తర్వాత తెర మీద నీళ్లే. పంతొమ్మిది సెకన్లు. వాన మొదలవుతుంది. పద్దెనిమిదో సెకను దాకా ఊపిరి వినపడదు. అప్పుడు ఒక్కటి వినపడుతుంది. షాటు అయిపోతుంది.

"ఇది?" అంది రోయీ.

అతను వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. మూడోసారీ చూశాడు. "సినిమా కోసం అని చెప్పాలని ఉంది."

"నిజం చెప్పమన్నాను."

"నీ కోసం. జనవరి ఇరవై తొమ్మిదిన చూశాను దీన్ని. అప్పటికి నీ మొహం తెలీదు. పద్దెనిమిది సెకన్లు నువ్వు ఊపిరి పీల్చలేదు. నేనూ పీల్చలేదు. ఆ రోజు ఇంకేమీ చూడకుండా మెషీన్ ఆపేశాను. ఇదే మొదలు."

కిటికీ అద్దం మీద వాన జారుతోంది. తింగ్‌హాన్ కోత పెట్టే మీట మీద వేలు పెట్టాడు.

"ఆగు," అంది రోయీ.

అతను ఆగాడు.

"ఆ రోజు ఆవిడ ఇక తేలదేమోనని భయపడ్డాను. తేలాక ఆవిడకి చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలీలేదు. దీంట్లో ఉంటే తెలుస్తుంది."

"అంటే అమా కోసమా?"

"అమా కోసం. నీ కోసం కూడా. కొంచెం."

"కొంచెం అంటే ఎన్ని సెకన్లు?"

"పంతొమ్మిదీ," అంది రోయీ. మీట మీద ఉన్న అతని చెయ్యి తీసి, తన చేతిలో పెట్టుకుంది.

సినిమాను అక్టోబరు ముప్పై ఒకటి మధ్యాహ్నం మూడూ నలభైకి పంపారు. నిడివి ఎనభై ఎనిమిది నిమిషాలు. మరుసటి ఏడు మే నెలలో తైపేలో ప్రదర్శించారు. హోంగ్ అమా మొదటి వరసలో కూర్చుంది. ప్రశ్నల సమయంలో మైకు అడిగి తీసుకుని, తాను ఎనభై ఏళ్లకు దగ్గర పడ్డానని, వీళ్ల పెళ్లి ఎప్పుడో చెబితే బట్టలు కుట్టించుకోవాలని అంది. హాలులో మూడు వందల మంది ఉన్నారు. డైరెక్టర్ ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు. ఎడిటర్ ఇచ్చాడు.

చాంద్రమాన కొత్త సంవత్సరంలో రెండో రోజు, పెళ్లయిన ఆడపిల్లలు భర్తలను వెంటబెట్టుకుని పుట్టింటికి వెళ్లే రోజు. ఆ మరుసటి ఏడు, ఆ రోజు ఉదయం తొమ్మిదీ పదికి, ఈలాన్ స్టేషన్‌లో రోయీ రైలు దిగింది. తింగ్‌హాన్ ఆమె వెనక రెండు సంచులతో దిగాడు. ప్లాట్‌ఫారం మీద ఆమె తల్లి, తండ్రి నిలబడి ఉన్నారు.